రాసుకున్న ముచ్చట ఎవలి చేతికి పోతది?

డిగ్రీ అయినంక కొన్ని దినాలు నేను సర్వే పని చేసిన. చేతుల ట్యాబ్, మెడల ఐడీ కార్డు. ఇంటింటికి తిరగాలె. ఇంట్ల ఎంతమంది, భూమి ఎంత, అప్పు ఎంత, పిల్లలు ఎటు బతకవోయిన్రు అని అడగాలె, బటన్ నొక్కాలె. ఇంటికింత అని పైసలు. ఒక గూడెంల ఒక ముసలవ్వ నేను అడిగిన అన్నిటికి ఓపికతోని జవాబు చెప్పింది. చాయ్ గూడ పోసింది. ఆఖరికి తను ఒక్కటే అడిగింది: “బిడ్డా, ఇవన్ని ఎక్కిచ్చుకున్నవ్ గదా, ఎవలికి ఇస్తవ్?”

నాకు తెల్వదు. నిజంగనే తెల్వదు. “పై ఆఫీసుకు పోతయ్ అవ్వా” అన్న. ఆమె తలకాయ ఊపింది. నేను చెప్పులేస్కొని పక్కింటికి పోయిన.

కొన్నేండ్లకు గా మాట మళ్ల యాదికొచ్చింది. అమెరికా సైన్యం ఇరాక్‌ల, అఫ్గానిస్తాన్‌ల యుద్ధం చేసేటప్పుడు పెద్ద సదువులు సదివిన పరిశోధకులను ఎంబడి పెట్టుకొని ఊర్లు తిరిగిందని చదివిన. వాళ్లు అడిగిన ప్రశ్నలు చూస్తే దగ్గర దగ్గర నేను అడిగినయే. మా ముసలవ్వ అడిగిన ప్రశ్న మీదనే ఆ దేశపు ప్రొఫెసర్లు నూరేండ్ల సంది కొట్లాడుకుంటున్నరు. ఆ కొట్లాట ఏందో మనం గూడ ఎరుక చేసుకుంటె మంచిది. ఎందుకంటె ఇయ్యాల ప్రశ్నలు అడిగేటోళ్లల్ల మనం ఉన్నం, జవాబు చెప్పేటోళ్లల్ల మన అవ్వలు, తాతలు ఉన్నరు.

సైన్యానికి నోట్‌బుక్ ఎందుకు?

మానవశాస్త్రం అంటే మనుషులు ఎట్ల బతుకుతరో దగ్గరుండి చూసి రాసే చదువు. ఇంగ్లీషుల ఆంత్రోపాలజీ అంటరు. లైబ్రరీల కూసుంటె ఈ పని కాదు. ఊరికి పోవాలె, నెలలకు నెలలు ఆడనే ఉండాలె, వాళ్ల భాష నేర్వాలె, వాళ్లు తినేది తినాలె. ఎవలు ఎవలికి సుట్టం, ఎవలికి ఎవలికి పడది, పంచాయితిల ఎవలి మాట చెల్లుతది, పెండ్లి ఖర్చు ఎవలు పెట్టుకుంటరు, అప్పు ఎవలిస్తరు, ఇవన్ని మెల్లమెల్లగ తెలుస్తయ్. జనం ఇవి ఎందుకు చెప్తరు? నమ్మకంతోని చెప్తరు. “ఈ మనిషి మనోడే, మనకు చెడు చెయ్యడు” అనుకున్నంకనే నోరు విప్పుతరు.

ఇప్పుడు సైన్యం దిక్కుకెళ్లి చూడుండ్రి. రెండు దేశాల సైన్యాలు ఎదురుబొదురు కొట్లాడితె శత్రువు యూనిఫాంల కనవడ్తడు. తిరుగుబాటు అణిచేటప్పుడు గట్ల కాదు. తుపాకి పట్టినోడు పొద్దుగాల పొలంల ఉంటడు, రాత్రి ఎవలో ఒకలి ఇంట్ల బువ్వ తింటడు. సైన్యానికి ఊరు మొత్తం అనుమానమే. అప్పుడు వాళ్లకు కావాల్సింది ఏంది? ఎవలు ఎవలికి తమ్ముడు, ఎవలి మాట ఎవలు వింటరు, ఏ ఇంటికి ఏ ఇంటికి పగ. ఉపగ్రహం ఫొటో తీస్తె ఇవి కనవడయ్. మానవశాస్త్రం చదివినోళ్ల నోట్‌బుక్‌ల మాత్రం ఉంటయ్.

జనం నమ్మి చెప్పిన ముచ్చట, సైన్యం ఎతుకుతున్న ముచ్చట, రెండూ ఒక్కటే. పంచాయితి ఈడనే పుడ్తది.

నిజం చెప్పినోనికే శిక్ష

ఈ లొల్లి పాతదే. అమెరికల మానవశాస్త్రానికి పెద్దదిక్కు అనదగ్గ మనిషి ఫ్రాంజ్ బోయాస్. జర్మనీల పుట్టిన యూదుడు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినంక, 1919 డిసెంబర్‌ల, ‘ది నేషన్’ పత్రికల ఒక ఉత్తరం అచ్చేయించిండు. నలుగురు మానవశాస్త్రవేత్తలు పరిశోధన పేరు చెప్పుకొని సెంట్రల్ అమెరికల అమెరికా సర్కారుకు గూఢచారి పని చేసిన్రు, గిది చదువును ఆగం చేసుడే అన్నడు. వాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టలే. తర్వాత రుజువైన పేర్లల్ల ఒకటి సిల్వనస్ మోర్లీ. మాయా జాతి పాత గుళ్లు తవ్వేటాయన. తవ్వకాల పేరు మీద తిరుక్కుంట నౌకాదళం గూఢచారి విభాగానికి రిపోర్టులు పంపిండు.

మరి శిక్ష ఎవలికి పడ్డది? బోయాస్‌కే. పది దినాలకే అమెరికన్ ఆంత్రోపాలజికల్ అసోసియేషన్ మీటింగు పెట్టి, 20 ఓట్లు ఒకదిక్కు 10 ఓట్లు ఒకదిక్కు వడంగ, ఆయనను తప్పు వట్టింది. గూఢచారి పని చేసినోళ్లను ఒక్క మాట అనలే. ఆ తీర్మానం తప్పని సంఘం ఒప్పుకునేటాల్లకు 2005 వచ్చింది. బోయాస్ 1942లనే సచ్చిపోయిండు.

బోయాస్ చెప్పిన దాంట్ల అసలు సంగతి ఒక్కటి. ఒక పరిశోధకుడు అబద్ధమాడి గూఢచారి పని చేస్తె, రేపు ఊర్లకు పోయే ప్రతి పరిశోధకున్ని జనం గూఢచారి అనే అనుకుంటరు. నమ్మకం అన్నది ఊరి చెరువు నీళ్ల లెక్క. ఒకడు విషం కలిపినా అందరికీ పనికిరాకుంట పోతది.

పెండ్లి ముచ్చట రాసిండు, పానం మీదికొచ్చింది

1960లల్ల అమెరికా వియత్నాంల యుద్ధం చేస్తున్నది. అదే కాలంల సైన్యం ‘ప్రాజెక్ట్ క్యామెలాట్’ అని ఒకటి మొదలువెట్టింది. ఏ దేశంల జనం తిరుగబడే సూచనలు ఉన్నయ్, దాన్ని ఆపాలంటె సర్కార్లు ఏం చెయ్యాలె అని సామాజిక శాస్త్రవేత్తలతోని తేల్పిచ్చాలని ప్లాన్. చిలీ దేశంల ప్రొఫెసర్లను కలుపుకుందామని పోయినాయన పైసలు సైన్యానియి అని చెప్పలే. సంగతి బయటవడ్డది. చిలీల పెద్ద లొల్లి అయింది. 1965 జులైల అమెరికా రక్షణ మంత్రి దాన్ని రద్దు చేసిండు.

1970ల ఇంకోటి బయటికొచ్చింది. థాయిలాండ్ ఊర్లల్ల తిరుగుబాటు అణిచే పనికి అమెరికా ప్రొఫెసర్లు సలహాలు ఇస్తున్నరని కాగితాలు దొరికినయ్. సంఘంల నిప్పు రాజుకున్నది. సంఘం వేసిన ఒక కమిటీ “అంత పెద్ద తప్పేం లేదు” అన్నట్టు రిపోర్టు ఇస్తె, సభ్యులు ఓటేసి ఆ రిపోర్టునే వద్దన్నరు. గా కాలంలనే, 1971ల, మొదటిసారి గట్టి నియమాలు రాసుకున్నరు. పరిశోధకునికి ఎవలిని చదువుతున్నడో వాళ్ల మేలే అన్నిటికన్న ముందు, పైసలిచ్చినోని మేలు తర్వాతనే. ఇంక, దాచిపెట్టే పరిశోధన చెయ్యొద్దు.

ఈ ముచ్చటలల్ల నన్ను నిద్రపోనియ్యనిది మాత్రం ఒక ఫ్రాన్స్ ఆయన కథ. పేరు జార్జ్ కొండొమినాస్. 1940ల ఆఖరుల వియత్నాం కొండలల్ల మ్నాంగ్ గార్ అనే ఆదివాసుల ఊర్ల ఉన్నడు. వాళ్లు ఏటా అడివి కొట్టి, కాల్చి, పోడు ఎవుసం చేస్తరు. ఆ ఊరి ఒక ఏడాది బతుకు మీద పుస్తకం రాసి 1957ల అచ్చేసిండు. వాళ్ల పండుగలు, పెండ్లిళ్లు, సావులు, కొట్లాటలు, అన్ని ప్రేమతోని రాసిండు. సైన్యంతోని ఆయనకు సంబంధం లేదు. ఎవల దగ్గర పైసలు తీస్కొని గూఢచారి పని చెయ్యలే.

కాని ఆయన్ను అడుగకుంటనే అమెరికోళ్లు ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులకు మార్చుకున్నరు. గా కొండలల్ల యుద్ధం చేసే స్పెషల్ ఫోర్సెస్ సిపాయిల చేతుల పెట్టిన్రు. పుస్తకంల ఎవలి పెండ్లి గురించి ఆయన రాసిండో, ఆ మనిషిని ఒక క్యాంపుల స్పెషల్ ఫోర్సెస్ సార్జెంటు ఒకడు చిత్రహింసలు పెట్టిండని ఆయనకు రుజువు దొరికింది. 1972ల అమెరికా మానవశాస్త్రవేత్తల సభలనే నిలవడి కొండొమినాస్ ఈ సంగతి చెప్పిండు. ఎవలి బతుకు గొప్పతనం చూపెడదామని రాసిండో, వాళ్లను సంపేటోళ్ల చేతికే పుస్తకం పోయిందని కోపంతోని ఊగిపోయిండు.

ఆ పుస్తకం వల్లనే ఆ మనిషి దొరికిండని నేను అంటలేను. కాని కొండొమినాస్ కోపం మనకు ఒకటి నేర్పుతది. మంచి మనసుతోని రాసినంత మాత్రాన సరిపోదు. కాగితం మీదికెక్కిన ముచ్చటకు కాళ్లొస్తయ్. రాసినోని చెయ్యి దాటినంక అది ఎటు నడుస్తదో రాసినోని చేతుల ఉండదు. అందుకే మానవశాస్త్రం చేసేటోళ్లు మనుషుల పేర్లు, కొన్నిసార్లు ఊరి పేరు గూడ మార్చి రాస్తరు. కొన్ని ముచ్చట్లు తెలిసినా రాయరు.

మనుషులే నేల లెక్క

ఇంక అందరికి తెలిసిన కథకు వద్దాం. 2007ల అమెరికా సైన్యం ‘హ్యూమన్ టెర్రెయిన్ సిస్టమ్’ అని పెట్టింది. టెర్రెయిన్ అంటే నేల తీరు. యుద్ధానికి పోయే ముందు సైన్యం గుట్టలు, వాగులు, తొవ్వలు మ్యాపుల గీసుకుంటది గదా, గట్లనే మనుషులను గూడ మ్యాపు గీసుకోవాలె అని దాని మతలబు. పేరుల్నే ఉన్నది చూడుండ్రి: మనిషి నేల అయిపోయిండు, మీద నడిచేటందుకు.

చిన్న చిన్న టీములు. కొందరు సైనికులు, ఎంబడి సామాజిక శాస్త్రాలు చదివినోళ్లు. సైన్యం బండ్లల్ల ఊర్లకు పోవుడు, జనంతోని మాట్లాడుడు, కమాండర్‌కు చెప్పుడు. కొందరు యూనిఫాం వేసుకున్నరు, కొందరు తుపాకి గూడ పట్టుకున్నరు. మొదటి టీము 2007 మొదట్లనే అఫ్గానిస్తాన్‌ల దిగింది. జీతాలు మస్తు. నిజం చెప్పాలంటె, సంఘం వద్దనంగ అందుల చేరిన అసలు మానవశాస్త్రవేత్తలు తక్కువే, వేరే సబ్జెక్టులోళ్లే ఎక్కువ.

వాళ్ల వాదన గూడ వినాలె, ఇనకుంట తిట్టుడు న్యాయం కాదు. ఈ పనికి పెద్ద గొంతు మాంట్‌గొమరీ మెక్‌ఫేట్ అనే మానవశాస్త్రవేత్త. యుద్ధం ఎట్లనన్న జరుగుతనే ఉన్నది, సిపాయిలకు ఊరి పద్ధతులు తెల్వకుంటె తలుపులు పలగ్గొట్టి తప్పుడు మనుషులను కాలుస్తరు, తెలిస్తె సావులు తక్కువైతయ్ అని ఆమె వాదన. దానికి ఉదాహరణ గూడ చెప్తుండిరి. ఒక టీముల మనిషి ఒక తావుల భర్తలు సచ్చిపోయిన ఆడోళ్లు మస్తుగ ఉన్నరని గమనించింది. ఇల్లు నడిపే భారం కొడుకుల మీద వడి, పైసల కోసం వాళ్లు తుపాకి పట్టేటోళ్ల దిక్కు పోతున్నరని చెప్పింది. అప్పుడు సైన్యం ఆ ఆడోళ్లకు పని నేర్పే కార్యక్రమం పెట్టింది. ఇది మంచే గదా అనిపిస్తది. నాకూ అనిపిచ్చింది.

కాని మళ్ల ఆలోచించిన. ఏ ఇంట్ల మగదిక్కు లేదు, ఏ ఇంటి కొడుకు పైసలకు అటు పోవొచ్చు అన్న లెక్క ఒకసారి తయారైనంక, దాన్ని కుట్టుమిషన్లు ఇచ్చే అధికారే చూస్తడా? రాత్రి తలుపు తట్టే అధికారి చూడడా? రెండు చేతులకూ అందే తావుల్నే గా లెక్క ఉన్నది. రాసిచ్చినాయన “ఈ పనికి వాడుండ్రి, ఆ పనికి వాడొద్దు” అంటె వినేటోడు ఎవడు?

2007 అక్టోబర్ 31న అమెరికన్ ఆంత్రోపాలజికల్ అసోసియేషన్ ఈ పథకం మాకు సమ్మతం కాదని ప్రకటన ఇచ్చింది. వాళ్లు చెప్పిన కారణాలు మన భాషల చెప్తె ఇట్లుంటయ్. సిపాయిల నడుమ ఉన్న పరిశోధకుడు “నేను పలానా” అని ఎప్పటికీ ఖుల్లగ చెప్పుకోలేడు. జీతమిచ్చే సైన్యం ఒకదిక్కు, ముచ్చట చెప్పిన జనం ఒకదిక్కు గుంజితె ఎటు నిలవడ్తడు? తుపాకులు చుట్టూ ఉన్నప్పుడు జనం చెప్పే “సరే”ను ఇష్టంతోని చెప్పిన సరే అనుకోలేం. చెప్పిన ముచ్చట ఎవలినో గురిపెట్టి కొట్టనీకి పనికి రావొచ్చు. ఆఖరికి, బోయాస్ చెప్పిందే: లోకంల ఉన్న పరిశోధకులందరి మీద, వాళ్లతోని మాట్లాడిన జనం మీద అనుమానం వడ్తది.

పెట్రోలు ధర అడిగిన దినం

వీటిల మూడోది నాకు బాగ సమజైంది ఒక సంఘటన చదివినంక. 2008 నవంబర్ 4న కాందహార్ దగ్గర మైవాంద్ తావుల, చెహెల్ గాజీ అనే ఊర్ల, పౌలా లాయిడ్ అనే ఆమె నోట్‌బుక్ పట్టుకొని తిరుగుతున్నది. మానవశాస్త్రం చదివింది, అఫ్గానిస్తాన్‌ల అంతకుముందు ఏండ్లు పనిచేసింది, జనానికి మంచి చెయ్యాలన్న మనసు ఉన్నదని ఆమెను ఎరిగినోళ్లందరు చెప్పిన్రు. చుట్టూ సిపాయిలు. పెట్రోలు డబ్బా పట్టుకొని పోతున్న ఒకాయనను ఆపి పెట్రోలు ధర అడిగింది. మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే ఆయన ఆ పెట్రోలు ఆమె మీద పోసి అంటు పెట్టిండు. ఆమె రెండు నెలలు దవాఖానల ఉండి 2009 జనవరిల పానం విడిచింది.

కాల్చినాయన పేరు అబ్దుల్ సలామ్. ఉరికితె పట్టుకున్నరు, చేతులు కట్టేసిన్రు. ఆమె టీముల తుపాకి పట్టుకునే డాన్ అయాలా అనేటాయన, ఆమె ఎంత ఘోరంగ కాలిందో తెలిసినంక, చేతులు కట్టేసి ఉన్న మనిషిని తలల కాల్చి సంపిండు. అమెరికా కోర్టుల నేరం ఒప్పుకున్నడు. జైలు పడలే. జుర్మానా, ఐదేండ్లు ప్రొబేషన్, అంతే.

ఆమెను కాల్చుడు ఘోరం. దానికి ఎవలూ సాకు చెప్పొద్దు. కట్టేసిన మనిషిని సంపుడు గూడ ఘోరమే. నేను చెప్పేది ఒక్కటే: “పెట్రోలు ఎంతకు లీటరు?” అన్నది లోకంల అందరికన్న అమాయకమైన ప్రశ్న. అంగట్ల మనం రోజు అడుగుతం. ఎనుక తుపాకులు నిలవడ్డప్పుడు ఆ ప్రశ్నకు వేరే బరువొస్తది. మంచి పరిశోధకురాలు, మామూలు ప్రశ్న, అయినా ఇద్దరు మట్టిల కలిసిన్రు. ఆ ఏడాది ఇదే పథకంల ఇంకో ఇద్దరు పరిశోధకులు, ఒకలు అఫ్గానిస్తాన్‌ల, ఒకలు బాగ్దాద్‌ల, బాంబులకు సచ్చిపోయిన్రు.

2009 డిసెంబర్‌ల సంఘం వేసిన కమిటీ పూర్తి రిపోర్టు ఇచ్చింది. ఈ పథకాన్ని సరైన మానవశాస్త్రం పని అనలేం అని తేల్చింది. 70 కోట్ల డాలర్లకు పైన ఖర్చు పెట్టినంక 2014 సెప్టెంబర్‌ల సైన్యం దాన్ని సప్పుడు చెయ్యకుంట మూసింది.

మన మార్లవాయి సంగతి

ఇదంత చదువుతుంటె నాకు మన ఆదిలాబాద్ అడివి మెదిలింది. 1940ల కొమురం భీం నిజాం సర్కారు మీద తిరుగవడి జోడేఘాట్‌ల ప్రాణమిచ్చిండు. అప్పటికే హైదరాబాద్ రాజ్యంల చెంచుల మీద పని చేస్తున్న ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను నిజాం సర్కారు అడిగింది: గోండులు ఎందుకు తిరుగవడ్డరో తేల్చి చెప్పు. ఆయన, భార్య బెట్టీ, మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు.

చూస్తె ఇది గూడ గదే లెక్క. తిరుగుబాటు అయింది, సర్కారు పండితున్ని పంపింది. గోండులను “మీ ఊర్ల ఉండొచ్చునా” అని సర్కారు అడిగిందా? అడిగి ఉండది. సర్కారుకు కావాల్సింది నెమ్మది, మళ్ల లొల్లి కావొద్దు. ఈ మాట దాచొద్దు.

కాని ఆయన పైకి రాసి పంపింది ఏంది? ఏ ఊర్ల ఎవలు భీం మనుషులు అని కాదు. జంగ్లాతోళ్లు భూములు గుంజుకున్నరు, పట్టాలు బయటి నుంచి వచ్చినోళ్లకు పోయినయ్, అధికార్లు దోచుకుంటున్నరు, తప్పు మీ దిక్కే ఉన్నది అని రాసిండు. దాని మీదికెళ్లే వేల ఎకరాలకు పట్టాలు వచ్చినయ్, మార్లవాయిల గోండు పంతుళ్లను తయారుచేసే బడి వచ్చింది. రాసింది తన పేరు మీదనే అచ్చేసిండు, ఎవలన్న చదివి తప్పు వట్టొచ్చు. ఏండ్లకేండ్లు మళ్ల మళ్ల వచ్చిండు, భూములు మళ్ల పోతున్నయని మళ్ల రాసిండు. ఇద్దరి సమాధులు ఇయ్యాల మార్లవాయిల పక్కపక్కనే ఉన్నయ్. ఏటా జనవరిల జనం యాది చేసుకుంటరు.

మైవాంద్‌ల నోట్‌బుక్, మార్లవాయిల నోట్‌బుక్ రెండిటి ఎనుక సర్కారే ఉన్నది. ఒకటి జనం గుట్టు మోసుకపోయి పైనోళ్లకు ఇచ్చేందుకు పెట్టింది. ఇంకోటి పైనోళ్ల తప్పు మోసుకపోయి పైనోళ్ల ముందటనే పెట్టింది. పరిశోధకుని నీతి ఏందని ఎవలన్న అడిగితె నేను దీన్నే చూపెడ్త.

మనం అడగాల్సినయి

తమ్ముడూ, చెల్లె, ఇయ్యాల మన ఊర్లకు నోట్‌బుక్ రాదు, ట్యాబ్ వస్తది, యాప్ వస్తది, ఫారం లింకు వస్తది. వచ్చినోళ్లందరు చెడ్డోళ్లు కాదు. మంచి సర్వే లేకుంటె పింఛనూ రాదు, బడీ రాదు. అడుగుడు మాత్రం మన హక్కు. నువ్వెవలు, పైసలు ఎవలియి? నేను చెప్పేది ఎవలెవలు చూస్తరు? వద్దంటె నాకేమన్న నష్టం ఉన్నదా? తయారైనంక మాకు సుత చూపెడ్తవా? సైన్యం పరిశోధనను ప్రొఫెసర్లు తప్పు వట్టింది ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేకనే.

నువ్వే ట్యాబ్ పట్టుకొని పోయేటోనివైతె, పోయే ముందే ఈ నాలుగు మీ సూపర్‌వైజర్‌ను అడుగు. ఆయనకు తెల్వకపోతె, ఆ మాటే గడపల నిలవడి జనానికి చెప్పు. “నాకు తెల్వదు అవ్వా” అనుడు అవమానం కాదు. “పై ఆఫీసుకు” అని తప్పిచ్చుకునుడే నేను చేసిన తప్పు.

గా గూడెంకు నేను మళ్ల పోలే. చాయ్ తాగిన రుణం తీరలే. ఆమె అడిగిన దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.